సలుపుందేటి?

మొన్న పొద్దున్న ఏడింటికి ఫోను మోగితే మా మేడమే అనుకున్నాను. ముందురోజు నా దవడపన్నుకి రూట్ కెనాల్ చేసింది ఆవిడే. ఎవరి పన్ను ముట్టుకున్నా మర్నాడు ఏడింటికి ఫోన్ చేసి "సలుపుందేటి?" అని అడగడం ఆవిడ అలవాటు. ఫోన్లో ఆవిడ చెల్లెలి గొంతు. మేడమ్ నిద్రలోనే పోయారట.

చోడవరంలో పళ్ల డాక్టరంటే చాలామందికి ఆవిడే. నా పళ్ల డాక్టరు చదువు కాలేజీలో అయింది గానీ, పని వచ్చింది మాత్రం ఆవిడ క్లినిక్‌లోనే.

చేరిన కొత్తలో బుచ్చయ్యపేట నుంచి ఒక చెరుకు రైతు వచ్చాడు. పంటి వేరులో ఉండే సన్నని దారిని మందునీళ్లతో కడగాలి. బయట జనాన్ని చూసి కంగారుపడి, సిరంజిని బొటనవేలితో గట్టిగా నొక్కేశాను. అతను కెవ్వుమన్నాడు. మేడమ్ పరిగెత్తుకొచ్చి చూసుకున్నారు గానీ, మర్నాడు బూరెలా పొంగిన బుగ్గతో మళ్లీ వచ్చాడు.

నేను గోడకి కరుచుకుపోయాను. మేడమ్ ఏమీ దాచలేదు. "మా చేతిలోనే తప్పు జరిగింది బాబూ. మందు వేరు కొస దాటి అవతలకి పోయింది" అన్నారు.

అతను వాచిన మూతితోనే నన్ను ఎగాదిగా చూశాడు. "అంటే గట్టు తెగిందన్నమాట. నీళ్లు కట్టడం రాని గుంటపిల్లని మడిలో దింపేసేరేటమ్మా?"

మేడమ్‌కి నవ్వు ఆగలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆ సాయంత్రం మానేస్తానన్నాను. ఆవిడ నా చేతిలో సిరంజి పెట్టి, బొటనవేలు తీయించి చూపుడువేలు ఆనించారు. "బొటనవేలికి బలమెక్కువ, బుద్ధి తక్కువ. దీంతో నొక్కు. సూది ఇరుక్కోకూడదు, పోసిన నీళ్లు వెనక్కి రావాలి. అతను చెప్పినట్టే, మడికి నీళ్లు కట్టినట్టు కట్టు." ఖాళీ దొరికితే చాలు, గ్లాసులోకి చుక్క చుక్కగా నీళ్లు వదిలించేవారు.

రోజూ ఏడింటికి అతనికి ఫోను కూడా నాచేతే చేయించారు. మొదటిరోజు తిట్టాడు. ఆరోరోజు "తగ్గిపోనాది తల్లీ. తోటకి ఎల్లాల, పెట్టేయ్" అన్నాడు. మిగిలిన పని కోసం వచ్చినప్పుడు "ఈ గుంటే కట్టాల నీళ్లు" అంటూ కుర్చీలో కూర్చున్నాడు. ఇవాళ నేను డాక్టర్నంటే అతని మాట వల్లా, అంతకుముందు మేడమ్ నన్ను పోనివ్వకపోవడం వల్లానూ. ఆ రుణం తీరేది కాదు.

రోగికి "నొప్పుండదు" అని మాత్రం ఎప్పుడూ చెప్పనిచ్చేవారు కాదు. "రెండ్రోజులు ఉంటాది, మూడోరోజుకి సర్దుకుంటాది అని చెప్పవే. అబద్ధం చెప్తే ఆ నొప్పే రెండింతలవుతాది" అనేవారు. నాకూ, రూట్ కెనాల్ అయ్యాక కుర్చీలోంచి లేస్తుంటే అదే చెప్పి పంపారు.

ఆ ఫోను పెట్టేసి నేను వాళ్లింటికి వెళ్లేసరికి మేడమ్‌ని హాల్లో చాప మీద పడుకోబెట్టారు. కుడిచేతి చూపుడువేలి కొసన, సిరంజి నొక్కి నొక్కి కాసిన కాయ అలాగే ఉంది. ఆ వేలు పట్టుకుని, ఆవిడ అడగాల్సిన ప్రశ్నకి జవాబు చెప్పాను.

"సలుపుంది మేడమ్. రెండ్రోజులు ఉంటాదన్నారు కదా."