థ్యాంక్స్ చెప్పేసి వచ్చేయండి

ఆ కబురు ముందుగా నాకు తెచ్చింది మా పై వాటా వాళ్ళ అమ్మాయి. పొద్దున్న వంట మధ్యలో ఉన్నాను. తలుపు తీసేసరికి కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆంటీ, వాళ్ళు చలే గయే. వెళ్ళిపోయారు" అంది.

ఎవరని అడిగేలోపే ఏడుపు అందుకుంది. "ధర్మశాలలో ఆ అమ్మ, ఆ పాప... సామాను కూడా లేదు. ధర్మశాలవాళ్ళు ఇప్పుడే ఫోన్ చేశారు, ఆస్పత్రి నుంచి కబురొచ్చిందట. ఆపరేషనుకి బెడ్ దొరికింది, రేపు పొద్దున్న పాపని తీసుకొచ్చి చేర్చండి అని. ఆ అమ్మ ఫోను స్విచాఫ్."

పొయ్యి కట్టేశాను. పప్పు ఉడికిందో లేదో చూడలేదు. రేపు పొద్దున్న ఆ పిల్ల అక్కడ లేకపోతే ఆ మంచం వరసలో తర్వాతి పిల్లకి వెళ్ళిపోతుంది. ఆ మంచం కోసమే ఆ తల్లి ఎండాకాలమంతా ఈ ఊళ్ళో పడి ఉంది.

మాది ఢిల్లీ సరోజినీ నగర్‌లో గవర్నమెంటు క్వార్టరు. నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాను. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది. మా నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి తెలుగూ, లెక్కలూ, కాస్త ఇంగ్లీషూ నేర్పారు. హిందీ ఈ ఊరి కూరగాయల బండ్లవాళ్ళు నేర్పారు. మా అమ్మ నేర్పింది మాత్రం ఒక్కటే. పడుకోబోయే ముందు దేవుడు ఆ రోజు ఇచ్చినదాన్ని పేరు పెట్టి చెప్పి దణ్ణం పెట్టుకోవాలి. "అన్నీ ఇచ్చావు స్వామీ అంటే కుదరదు. ఏమిచ్చాడో చెప్పు" అనేది. "ఇవాళ గాలి బాగా ఆడింది" అని నేను చెప్పుకున్న రోజులు చాలా ఉన్నాయి. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు.

మాకు కాస్త దూరంలో ఉన్న పెద్దాసుపత్రి పక్కన, రోగుల వెంట వచ్చినవాళ్ళు తలదాచుకోవడానికి ఒక ట్రస్టువాళ్ళు నడిపే ధర్మశాల ఉంది. తెలుగువాళ్ళు వస్తే మాటసాయానికి నన్ను పిలుస్తారు. అలా తెలిశారు ఆ తల్లీకూతుళ్ళు. శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డువాళ్ళు. తండ్రి చేపల వేటకి గుజరాత్ పోయి పడవ మీద ఉన్నాడు. ఒడ్డుకి వస్తేగానీ ఫోను అందదు. పిల్లకి పుట్టుకతోనే గుండెలో లోపం. దానివల్ల పెదవులు ఎప్పుడూ నీలంగా ఉంటాయి. ధర్మశాలలో తోటి పిల్లలు "జామున్ ఖాయా క్యా?" అని ఆటపట్టించేవాళ్ళు, నేరేడుపళ్ళు తిన్నావా అని. మొదట్లో ఏడ్చేది. తర్వాత్తర్వాత "అవును, బుట్టెడు తిన్నాను, మీకు ఎట్టను!" అని నాలుక చాపడం నేర్చుకుంది. నేను దాన్ని నేరేడుపండూ అనే పిలిచేదాన్ని. "ఎట్టను" అనేది నాకు కూడా, పెట్టను అని.

ఇక మా పై వాటా అమ్మాయి. పుట్టిందీ పెరిగిందీ ఢిల్లీలోనే. గ్రేటర్ నోయిడాలో హాస్టల్లో ఉండి సైకాలజీ చదువుతోంది, ఎండాకాలం సెలవులకి ఇంటికొచ్చింది. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు హిందీలోనే వస్తుంది. క్లాసులో చదివింది ఏదైనా సేవాసంస్థకు వెళ్ళి మనుషుల మధ్య చేసి చూడాలట వాళ్ళకి. "మనిషిలో ఏం పాడైందో కాదు ఆంటీ, ఏం బాగా మిగిలిందో చూడాలి. అదే పాజిటివ్ సైకాలజీ" అంది. ధర్మశాలకి రమ్మని నేనే తీసుకెళ్ళాను.

రోజూ సాయంత్రం టీ వేళ అందరినీ చాప మీద గుండ్రంగా కూర్చోబెట్టి, ఇవాళ జరిగిన మంచి ఒకటి చెప్పండి అని అడిగేది. వింత చూసినట్టు చూశారు ముందు. బీహారు నుంచి వచ్చిన ముసలాయన ఒకాయన, "నువ్వివాళ ఆలస్యంగా వచ్చావు బేటీ, అదే మంచి" అన్నాడు. అంతా పడీ పడీ నవ్వారు. అక్కడ అంత నవ్వు నేను అంతకుముందు వినలేదు. ఆ తర్వాత వాళ్ళే చాప పరిచి ఎదురుచూడటం మొదలుపెట్టారు. "ఇవాళ పెరుగులో పంచదార ఎయ్యలేదు" అనేది, తీపి పెరుగు గిట్టని మా నేరేడుపండు. తల్లి మాత్రం "పర్వాలేదు" అని ఊరుకునేది. మా అమ్మ చెప్పినదాన్నే ఈ పిల్ల పుస్తకాల్లో చదివి వచ్చిందని నాకెంతో సంతోషంగా ఉండేది.

ఆ కబురు రావడానికి ముందు రోజు మా ఆయనకి జ్వరంగా ఉండి నేను వెళ్ళలేదు. ఆ సాయంత్రం ఏం జరిగిందో అమ్మాయి స్టేషనుకి వెళ్తుంటే ఆటోలో చెప్పింది. మనకు మేలు చేసిన మనిషి ఎదుటికి వెళ్ళి, ఆ మేలేమిటో చెప్పి కృతజ్ఞత తెలపడం, అదీ ఆనాటి అభ్యాసం. ధర్మశాలలో అందరూ తలా ఒకరి దగ్గరికి వెళ్ళారు. ఆ తల్లి పిల్లని వెంటబెట్టుకుని వంటవాడి దగ్గరికి, నర్సు దగ్గరికి, చివరికి డాక్టరుగారి దగ్గరికి కూడా వెళ్ళి వచ్చిందట.

"ఎంత బాగా చేసింది ఆంటీ! అందరికీ చేతులు జోడించింది. ఏడ్చింది కూడా. నేను అనుకున్నాను, దిల్ హల్కా హువా, గుండె తేలికైంది అని."

"ఆవిడకి తెలుగులో నువ్వేమని చెప్పావు? ఉన్నదున్నట్టు చెప్పు."

"అందరికీ థ్యాంక్స్ చెప్పేసి వచ్చేయండి అన్నాను. కరెక్టే కదా?"

చెప్పి రండి అంటే ఒకటి. చెప్పేసి వచ్చేయండి అంటే ఇంకొకటి. మొదటిది వెళ్ళి చెప్పి మళ్ళీ మన దగ్గరికి రమ్మనడం. రెండోది ఆ ముడి విప్పేసుకుని అక్కణ్ణుంచి కదలమనడం. పైగా మన ఊళ్ళలో సాయం జరుగుతుండగా మధ్యలో థ్యాంక్స్ ఎవరు చెబుతారు? వడ్డించే మనిషికి చెప్పం. తిని లేచి, చెప్పులు వేసుకుని, గుమ్మం దగ్గర చెబుతాం. చేతులెత్తి మీ మేలు మరిచిపోలేం అన్నామంటే ప్రయాణం కట్టామనే.

"మైనే క్యా గలత్ బోలా, ఆంటీ? నేనేం తప్పన్నాను?" అంటోంది పిల్ల. అది వాళ్ళింట్లో విన్న తెలుగే. వంటింట్లోంచి వాళ్ళమ్మ "తినేసి వచ్చేయ్" అని కేకేస్తుంది. వచ్చేయ్ అన్న మాటలో వెళ్ళిపోవడం కూడా ఉందని దానికెలా తెలుస్తుంది?

ఆవిడకి తెలిసిన స్టేషను దిగిన స్టేషనొక్కటే. నిజాముద్దీన్ వెళ్ళాం. ఆటో ఎరుపు దీపాల దగ్గర ఆగినప్పుడల్లా, స్వామీ, బండి కదలకుండా చూడు, పిల్లని చూపించు అనుకుంటూనే ఉన్నాను.

విశాఖ వైపు వెళ్ళే బండికి ఇంకా టైముంది. జనరల్ పెట్టెలు ఆగే చోట జనం మూటల మీద కూర్చుని ఉన్నారు. వేడిగాలి కొడుతోంది. ఎక్కడని వెతకను? ప్లాట్‌ఫారం పొడుగునా "నేరేడుపండూ! నేరేడుపండూ!" అని అరుచుకుంటూ నడిచాను. పోర్టరొకడు నేనేదో అమ్ముతున్నాననుకుని "క్యా భావ్, మాతాజీ?" అని ధర అడిగాడు. ఆ చివరికంటా వెళ్ళి, గొంతు పోయి, ఇక లేరనుకుని వెనక్కి తిరిగాను.

"ఎట్టను!" అని వినిపించింది ఒక స్తంభం వెనకనుంచి.

గొంతు చాలా నీరసంగా ఉంది. తల్లి ఒళ్ళో తల పెట్టుకుని పడుకుని ఉంది. మొహం చెమట, పెదవులు నీలం కాదు, నల్లగా ఉన్నాయి.

"ఎందుకమ్మా ఇలా చేశావు?" అన్నాను కూలబడి.

ఆ తల్లి నా వైపు తెల్లబోయి చూసింది. "నానేటి సేసినానమ్మా? అందరికీ సెప్పేసి ఒచ్చేయమన్నారు గదా. ఎల్లిపోమన్నట్టే గదేటి?"

"ఎందుకని ఎవరినన్నా అడగలేదా?"

"పెద్దోలు ఎల్లమంటే ఎందుకని అడుగుతామేటి? అయినా డాక్టరుబాబుకి దణ్ణం ఎడితే పిల్ల తల నిమిరి, పైకి సూపించి, భగవాన్ ఉన్నాడన్నారు. డాక్టరే దేముడి పేరెత్తితే ఇంకేటుంది తల్లీ? ఇక్కడ పోతే ఈళ్ళ నాన్న మొకం సూడకుండా పోతాది. ఇంటికాడైతే... అని బయల్దేరినాను."

పై వాటా అమ్మాయి అక్కడే ప్లాట్‌ఫారం మీద ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది. సారీ అనడానికి తెలుగులో మాట వెతుక్కుంటోంది. దొరకలేదు. ఆవిడే దాని తల నిమిరింది. "నువ్వు మంచికే సెప్పినావు. నాకే అలగ ఇనబడింది."

తీసుకొచ్చేశాం. దొరికారన్న సంతోషంలో దారంతా దేవుడికి దణ్ణాలు పెట్టుకుంటూ వచ్చాను. సాయంత్రానికి పిల్ల ఒళ్ళు కాలిపోయింది. పొద్దుటికి దగ్గు పట్టుకుంది.

వార్డులో డాక్టరుగారు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. ఛాతీలో నెమ్ము ఉండగా మత్తు ఇవ్వడం కుదరదు, తగ్గాక మళ్ళీ వరసలో చూద్దాం అన్నారు. ఆయన హిందీలో చెబుతున్నారు, నేను తెలుగులో చెప్పాలి. నేను నోరు తెరిచేలోపే తల్లికి అర్థమైంది, ఎందుకంటే పక్కన ఇంకో పిల్లని ఎత్తుకుని ఇంకో తల్లి నిలబడి ఉంది. ఆ మంచం మీద దుప్పటి మార్చి వాళ్ళని కూర్చోబెట్టారు.

మా నేరేడుపండు ఆ కొత్త పిల్లని చూసి, "అమ్మా, అది నాను పడుకునే మంచమే గదా?" అంది.

ఆ సాయంత్రం దీపం పెట్టి నిలబడితే నాకు చెప్పడానికి ఏమీ దొరకలేదు. మా అమ్మ పోయిన రోజున కూడా ఏదో ఒకటి దొరికింది. చివరికి, ఎవరో ఒక పిల్లకి మంచం ఇచ్చావు స్వామీ అన్నాను. అది నిజమే. నా నోటికి మాత్రం చేదుగా ఉంది.

పై వాటా అమ్మాయి ఈ అభ్యాసాలు ఇంక చెయ్యనంది. చెయ్యకపోతే పోనీ, రావడం మానకు అన్నాను. ఇప్పుడు రోజూ వచ్చి ఊరికే కూర్చుంటుంది. చాప మాత్రం బీహారు ముసలాయన పరుస్తున్నాడు. నిన్న ఆ తల్లి వంతు వచ్చింది. అందరూ తల వంచుకున్నారు, ఇక ఈవిడనేం అడుగుతాం అన్నట్టు. ఆవిడే అంది: "పొద్దున్న పిల్ల నన్ను సూసి నవ్వినాది. మాట రాలేదు గానీ, నవ్వినాది." ఈసారి పర్వాలేదు అనలేదు. నాకది గుమ్మం దగ్గర చెప్పే మాటలా వినిపించి ఇంకా భయంగా ఉంది.

పిల్ల ఇప్పుడు లోపల ఇంకో వార్డులో ఆక్సిజన్ మీద ఉంది. నెమ్ము తగ్గలేదు. తగ్గితే ఆపరేషను మంచం రావాలి. మంచం వచ్చేదాకా ఆ చిన్న గుండె ఆగాలి. నన్ను లోపలికి రానివ్వరు. గుండ్రటి అద్దంలోంచి చూసి వస్తున్నాను. నేరేడుపండూ అని పెదవులు కదిపితే చూస్తుంది. నాలుక చాపడం లేదు.

ఈ ఊళ్ళో ఇప్పుడు ఎక్కడ చూసినా నేరేడుపళ్ళ బండ్లే. బస్సు దిగితే బండి, మలుపు తిరిగితే బండి. మీ ఊళ్ళో కూడా ఉండే ఉంటాయి. ఎక్కడైనా కనబడితే, కొన్నా కొనకపోయినా, ఒక్క క్షణం ఆగి మా పిల్లని తలుచుకోండి. ఏ దేవుడికి మొక్కుతారో ఆ దేవుడికే చెప్పండి. మా నేరేడుపండుని అప్పుడే చావుకి పెట్టొద్దని, ఎట్టను అనమని చెప్పండి.