దూరపు లెన్సు

మందుల కంపెనీలో పని నాది. ప్రొద్దుటూరులో ఉంటూ, జమ్మలమడుగులోనూ పులివెందులలోనూ డాక్టర్లను కలిసి మా మందులు రాయమని అడగడం ఉద్యోగం. అడగడానికి పట్టేది రెండు నిమిషాలు. దాని కోసం కాచుకునేది పూటంతా. రోగులందరూ అయిపోవాలి, డాక్టరు గారికి తీరిక దొరకాలి, అప్పటికి ఆయనకు అన్నం వేళ కాకుండా ఉండాలి. యాభైకి దగ్గరపడిన వయసులో, నడుము నొప్పితో, క్లినిక్ వరండాల్లో నిలబడి రోడ్డు వైపు చూడడంతోనే నా రోజులు చాలా వరకు గడిచిపోయాయి.

అలా చూసి చూసి కొన్ని దృశ్యాలు కళ్ళకు అంటుకుపోయాయి. పులివెందులలో మిట్టమధ్యాహ్నం, షట్టరు సగం దించిన అంగడి ముందు తలను మాత్రం లోపలి నీడలో పెట్టి, కాళ్ళను ఎండకు వదిలేసి నిద్రపోయే మనిషి. జమ్మలమడుగులో ఒకే కొంగును ఇద్దరూ తల మీద కప్పుకుని బస్సు కోసం చూస్తున్న తల్లీకూతుళ్ళు. వీటిని ఫోనుతో తీయాలని ప్రయత్నించాను. ఎండలో ఫోను తెర నల్లగా అయిపోయి ఏది తీస్తున్నానో కనబడేది కాదు. దానికైనా సర్దుకునేవాణ్ణి. కానీ ఫోను పైకెత్తిన ప్రతిసారీ అది మోగేది. మా మేనేజరు. ఏ క్లినిక్‌లో ఉన్నావు, లొకేషన్ పంపు, ఈ నెల అమ్మకం ఎక్కడిదాకా వచ్చింది. ఆయనకు సమాధానం చెప్పి పెట్టేసేసరికి తల్లీకూతుళ్ళు బస్సెక్కి వెళ్ళిపోయారు. మోగని వస్తువు ఒకటి నాకు కావాలనిపించింది.

కెమెరా ఆలోచన అలా పుట్టింది.

మా వీధి చివర ఫొటో స్టూడియో నడిపే మిత్రుడున్నాడు. నేనాయన్ని భాయ్ అంటాను, ఆయన నన్ను మామా అంటాడు. పెళ్ళిళ్ళు తీసి తీసి ఆయనకు భుజం అరిగిపోయింది. తన పాత కెమెరా నా చేతికిచ్చి చూడమన్నాడు. ఇటుకరాయంత బరువుంది. నొక్కితే లోపల అద్దం లేచి పడి టప్పుమంది. వరండాలో ఆ చప్పుడు చేస్తే లోపలి రోగి కూడా తలుపు తీసి చూస్తాడు. అద్దం లేకుండా చేసిన కెమెరాలనే మిర్రర్‌లెస్ అంటారనీ, అవి చిన్నగా ఉంటాయనీ, కావాలంటే చప్పుడు లేకుండా తీస్తాయనీ ఆయనే చెప్పాడు.

తర్వాత కొన్ని నెలలు వరండాల్లో నిలబడి కెమెరాల గురించే చదివాను. చదివే కొద్దీ అయోమయం పెరిగింది. ఒకరు బ్రహ్మాండమన్నదాన్ని ఇంకొకరు దండగ అన్నారు. బొమ్మ పడే పలకను సెన్సార్ అంటారు; అది పెద్దగా ఉన్నవాటి ధరలు చూసి ఆ పేజీలు మళ్ళీ తెరవలేదు. చివరికి ఎవరేమన్నారన్నది వదిలేసి, నాకేం కావాలో ఆలోచించాను. శాంపిల్స్ సంచిలో మందుల పెట్టెల పక్కన ఇమడాలి. వెనక తెర ఎండకు కనబడదు కాబట్టి, కన్ను ఆనించి చూసుకునే చిన్న కిటికీ ఉండాలి. మా రోడ్ల దుమ్ముకు ఓర్చుకోవాలి. కొత్తది నా వల్ల కాదు కాబట్టి, ఎవరో వాడి అమ్ముకున్నదై ఉండాలి. భాయ్‌కి తెలిసినవాళ్ళ ద్వారా బెంగళూరు నుంచి అలాంటిదే ఒకటి వచ్చింది. మధ్యరకం సెన్సార్, కొన్నేళ్ళ కిందటి మోడల్. మూలల్లో నల్లరంగు పోయి లోపలి లోహం కనబడుతోంది. చేతిలో పట్టుకుంటే బాగానే ఉంది.

ఇక లెన్సు. భాయ్ దగ్గర వాడకుండా పడి ఉన్న పొడుగాటి జూమ్ లెన్సు ఒకటుంది. రోడ్డు అవతలి మనిషిని ముక్కు మీదికి తెస్తుంది.

"ఇది తీసుకో మామా" అన్నాడు. "యాడో నిలబడి తీస్తావు. ఎవురికీ తెలీదు, ఎవుర్నీ అడిగే పని ల్యా."

ఆ చివరి మాటకు పడిపోయాను. పొద్దున లేచింది మొదలు నాది అడుక్కునే బతుకే. లోపలికి చెప్పమని కాంపౌండరును అడగాలి, రెండు నిమిషాలిమ్మని డాక్టరును అడగాలి, సరుకు తెప్పించమని మందుల అంగడాయన్ని అడగాలి. నాకు ఇష్టమైన ఒక్క పని కోసం కూడా 'అయ్యా, మీ ఫొటో తీసుకోవచ్చా' అని ఎవరినో అడిగే ఓపిక నాలో మిగల్లేదు. దూరపు లెన్సే తీసుకున్నాను.

మా ఆవిడ ప్రభుత్వ బడిలో టీచరు. కెమెరాను చేతిలోకి తీసుకుని చూసి ఇచ్చేసింది. "దినమంతా తిరిగొచ్చి మళ్ళా తిరుగుతానంటాండావు. తిరుగు. నడుం నొప్పని మాత్రం నాతో చెప్పాకు" అంది.

జమ్మలమడుగులో నేను వెళ్ళే ఒక క్లినిక్ మేడ మీద ఉంటుంది. వరండా నుంచి చూస్తే రోడ్డుకు అవతల టీ అంగడి. ఒక మధ్యాహ్నం అక్కడ బల్ల మీద ఇద్దరు పెద్దమనుషులు ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. ఇద్దరివీ తెల్ల పంచెలే, ఒకాయన భుజం మీద తువ్వాలు. తువ్వాలాయన తన గ్లాసులోంచి సగం టీ సాసర్లోకి వంచి రెండో ఆయనకు అందించాడు. ఆయన రెండు చేతులా పట్టుకుని ఊదుకుంటూ తాగాడు. నేను స్తంభం పక్కన నిలబడి వరసగా తీశాను. కెమెరా కిటికీలోంచి చూసుకుంటే సాసరు అంచున ఆయన వేళ్ళు కూడా తెలుస్తున్నాయి. కంటికి కనబడినది కనబడినట్టు కెమెరాలోకి రావడం నాకదే మొదటిసారి.

సంతోషపడే సమయం చిక్కలేదు. టీ అంగడి పక్కన జీపుకు ఆనుకుని ఉన్న డ్రైవరు నా వైపు చేయి చూపించాడు. పెద్దమనుషులిద్దరూ తలెత్తారు. చూస్తుండగానే డ్రైవరు మెట్లెక్కి పైకొచ్చాడు. చెయ్యి వెయ్యలేదు, గొంతు పెంచలేదు.

"పెద్దాయన రమ్మంటాండాడు, రాప్పా" అన్నాడు. అంటూనే నా సంచి పట్టీ పట్టుకున్నాడు.

కిందికి దిగి అతని వెంట రోడ్డు దాటాను. తువ్వాలాయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఎవురు పంపినారప్పా నిన్ను?"

ఎవరూ పంపలేదన్నాను. మందుల కంపెనీ మనిషినని కార్డు చూపించి, సంచి తెరిచాను. ఆయన దగ్గు మందు సీసా ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసి లోపల పెట్టాడు. మందులమ్ముకునేవానికి ఇంత పొడుగు గొట్టం దేనికని అడిగాడు. వీధులు, మనుషులు, ఊరికే తీసుకుంటుంటానని చెప్పాను. ఆ జవాబు నా చెవికే అబద్ధంలా వినిపించింది. ఈ ప్రాంతంలో ఊరికే ఎవరూ ఎవరి ఫొటోనూ మేడ మీద నుంచి తీయరు.

సంగతి రెండో ఆయన చెప్పాడు, గొంతు తగ్గించి. వాళ్ళిద్దరిదీ ఒకటే ఊరు. వాళ్ళ ఇళ్ళ మధ్య తండ్రుల కాలం నాటి గొడవ. ఇప్పుడు పార్టీలూ వేరు. ఊళ్ళో ఎదురుపడితే మొహాలు తిప్పుకుని పోవాల్సిందే. చిన్నప్పుడు ఒకే చేని గట్టు మీద ఆడుకున్నవాళ్ళు కాబట్టి, కళ్ళు డాక్టరుకు చూపించుకోవాలనో ఎరువులు కొనాలనో ఇంట్లో చెప్పి వచ్చి, ఈ బల్ల మీద కాసేపు కూర్చుని పోతారు. ఈ ఫొటో వాళ్ళ కొడుకుల ఫోన్లలోకి చేరితే ఇద్దరికీ ఇంట్లో కూర్చునే చోటు ఉండదు.

ఫొటోలు ఒక్కొక్కటీ వాళ్ళ కళ్ళ ముందే కెమెరాలోంచి తీసేశాను. డ్రైవరు నా భుజం మీదుగా వంగి, అన్నీ పోయాయో లేదో చూశాడు. అప్పుడు తువ్వాలాయన అన్నాడు:

"నువ్వు ఈడికొచ్చి అడిగింటే వద్దని చెప్పింటిమి. నువ్వూ పోయింటివి. అంతటితో అయిపోయింటాది. ఆడ స్తంభం చాటున నిలబడి తీస్తే మేమేమనుకోవల్ల?"

టీ తాగి పొమ్మన్నాడు. తాగాను. దాని రుచి ఏమిటో తెలియలేదు.

నేను మేడెక్కేసరికి ఈ మాట పైకి చేరిపోయింది. కాంపౌండరు తలుపు దగ్గరే ఆపాడు. సార్ వద్దన్నాడనీ, కొన్నాళ్ళు రావద్దన్నాడనీ చెప్పాడు. డాక్టరు గారిని తప్పుపట్టలేను. రోగులు వచ్చిపోయే చోట ఎవడో లెన్సు పెట్టుకుని నిలబడితే ఎవరు ఊరుకుంటారు? కానీ ఆ ఊళ్ళో మా మందులు బాగా రాసేది ఆయనే. ఆయన ఆగిపోయాక మేనేజరు ఫోన్లు ఎక్కువయ్యాయి. జమ్మలమడుగు ఎందుకు పడిపోయిందని అడిగేవాడు. వర్షాలు లేవు, జనం రావడం లేదు అని ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. కెమెరాను గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేశాను.

చాలా రోజుల తర్వాత మా ఆవిడే దాన్ని బయటికి తీసింది. "ఇది ఈడ ఉంటే నా చీరలకు చోటు ల్యా. తీస్తే తియ్యి, లేకుంటే అమ్మెయ్" అంది. జరిగిందంతా అప్పుడు చెప్పాను. ఆమె చీర మడతపెట్టడం ఆపకుండానే విన్నది.

"ఆయప్ప చెప్పింది నిజమే కదా" అంది. "అడిగితే వద్దంటారని నీకు భయం. దినమ్మూ వద్దనిపించుకుంటానే ఉండావు. ఇంగొకరు వద్దంటే ఏమైతాది?"

ఆ మాట రెండు రోజులు నాతోనే తిరిగింది. తర్వాత పొడుగు లెన్సు తీసుకెళ్ళి భాయ్‌కి ఇచ్చేశాను. సణుగుతూనే తీసుకున్నాడు. దాని బదులు చిన్న లెన్సు ఒకటి తెప్పించి ఇచ్చాడు. రెండు బిస్కెట్లు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందం ఉంటుంది. జూమ్ లేదు. ఫోకస్ కూడా దానంతటది చేసుకోదు, రింగు చేత్తో తిప్పుకోవాలి. అందుకే అంత చవక. భాయ్ రింగును ఒక గుర్తు దగ్గర పెట్టి, వెలుతురు దూరే రంధ్రాన్ని సన్నం చేసి, బారన్నర దూరంలో ఎవరున్నా ఇక తిప్పే పని లేకుండా స్పష్టంగా పడతారని చూపించాడు. బారన్నర అంటే ఎదుటి మనిషి దగ్గితే మన మీద పడే దూరం.

ఆదివారం చర్చి అయ్యాక, ప్రొద్దుటూరులో చీరల అంగళ్ళు ఉండే వీధికి వెళ్ళాను. ఒక అంగడి మెట్ల మీద, అక్కడ పనిచేసే ఒకామె బొమ్మకు చీర కడుతోంది. వెళ్ళి అడిగాను. నా గొంతు క్లినిక్‌లో అడిగినట్టే వచ్చింది. ఆమె ఒక క్షణం చూసి, సరే అని, బొమ్మను వదిలేసి, తన కొంగు సర్దుకుని, చేతులు కిందికి చాచి ఆధార్ కార్డు ఫొటోకు నిలబడినట్టు నిలబడింది. తీశాను. ఆ పొద్దు ఎవరిని అడిగినా అంతే. టీ కాచేవాడు గిన్నె దించి జుట్టు దువ్వుకున్నాడు. ఆటో ఆయన కళ్ళజోడు తీసేసి బిగుసుకుపోయాడు. ఇంటికొచ్చి చూపిస్తే మా ఆవిడ నవ్వింది. అందరూ సూది మందుకు నిలబడినట్టు ఉన్నారంది. నేను కూడా నవ్వాను కానీ, ఈ వయసులో ఇదంతా ఎందుకు పెట్టుకున్నానా అని ఆ రాత్రి అనిపించింది.

అయినా తర్వాతి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. చీరలామె ఈసారి కూడా బిగుసుకుని నిలబడింది. ఒకటి తీసి, వెంటనే పోకుండా, కాళ్ళు లాగుతుంటే ఆ మెట్ల మీదే కూర్చున్నాను. అంగడి గురించీ ఎండల గురించీ ఆమె ఏదో చెబుతూ పనిలో పడింది. బొమ్మ నడుం చుట్టూ ఒక చెయ్యి వేసి, నోట్లో పిన్నులు కరచుకుని, కుచ్చిళ్ళు ఒక్కొక్కటీ వేళ్ళతో నొక్కి పెడుతోంది. కెమెరా కొంచెం పైకెత్తి ఆమె వైపు చూశాను. కానీమన్నట్టు తలూపి పని చేసుకుపోయింది. కూర్చున్న చోటునుంచే తీశాను.

ఆ ఫొటోను భాయ్ కాగితం మీద వేసిచ్చాడు. ఆమెకు తీసుకెళ్ళి ఇస్తే కాసేపు దగ్గరగా పెట్టుకుని చూసింది. "కుచ్చిళ్ళు బాగా పడినాయి" అంది. ఫొటోను అన్నం సంచిలో పక్కకు పెట్టుకుని పైకి వెళ్ళిపోయింది.

జమ్మలమడుగు డాక్టరు గారు ఇప్పుడు మళ్ళీ రానిస్తున్నారు. మేడెక్కే ముందు కెమెరాను కింద మందుల అంగట్లో ఇచ్చి వెళతాను. వరండాలో నిలబడినప్పుడు టీ అంగడి వైపు చూడను. నేను తీసిన వాటిలో చాలా వరకు పనికిరానివే. వారాల తరబడి ఒక్కటీ తీయకుండా గడిచిపోయిన సందర్భాలున్నాయి. అమ్మకాలు, మీటింగులు, నడుము. ఆదివారం వస్తే పడుకోవాలనే అనిపిస్తుంది. కొన్నిసార్లు పడుకుంటాను.

మొన్న పులివెందులలో పనయ్యేసరికి సాయంత్రమైంది. బైకు మీద అంత దూరం నడుము ఓర్చుకోదు కాబట్టి ఆ ఊరికి బస్సులోనే వెళ్ళొస్తాను. బస్టాండులో ఒకాయన సీలింగు ఫ్యాను రెక్కలకు పేపరు చుట్టి, ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. వెలుతురు బాగుంది. వెళ్ళి ఫొటో తీసుకోనా అని అడిగాను.

"వద్దులేప్పా" అన్నాడు. "శానా అలిసిపోయినా. మొగం బాగుండదు."

సరేనని కెమెరా సంచిలో పెట్టేశాను. ఆయన రెక్కలను కొంచెం తన వైపు లాక్కుని నాకు చోటిచ్చాడు. కూర్చున్నాను. ముద్దనూరు మీదుగా పోయే బస్సు ఇంకా ఉందా అని అడిగాడు. ఉంది, నేనూ దానికే అన్నాను. బస్సు వచ్చినప్పుడు మెట్ల దగ్గర ఆయనకు రెక్కలు అడ్డం తగిలాయి. వెనకనుంచి ఒక కొస నేను పట్టుకున్నాను.