బాలప్ప సారుకు థాంక్స్ చెప్పొద్దు

ఎవరైనా థాంక్స్ చెబితే బాలప్ప సారుకు ఒళ్లు మండేది. తిడితే పడేవాడు. క్లాసులో ఎవడైనా నిద్రపోతే, పాపం డ్యూటీ చేసి వచ్చాడని కిటికీ తలుపు దగ్గరికి వేసేవాడు. కానీ పాఠం అయ్యాక "థాంక్యూ సార్" అని ఒక్క గొంతు వినిపించిందా, చేతిలో సుద్దముక్క గాల్లోకి లేచేది.

"ఏందిరా థాంక్స్? ఇగ నీతోని పనైపోయింది, పో అనా? చాయ్ ఇచ్చినోనికి చెప్పు థాంక్స్! పాఠం అర్థమైతే మొకంల కనవడ్తది!"

తొంభైల మొదట్లో పటాన్‌చెరులోని ఒక సాయంత్రం డిగ్రీ కాలేజీలో ఆయన కెమిస్ట్రీ చెప్పేవాడు. గురుపూజోత్సవం నాడు పిల్లలు శాలువా కప్పితే, దాన్ని తీసుకెళ్లి ల్యాబులో కారుతున్న నల్లాకు చుట్టాడు. వార్షికోత్సవంలో వందన సమర్పణ మొదలుకాగానే మైకు ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. ప్రిన్సిపాల్ వెంకటేశ్వరరావు గారు గొంతు చించుకుని టెంటువాడి దాకా అందరికీ కృతజ్ఞతలు చెప్పి బాలప్ప పేరు దగ్గరికి వచ్చేసరికి, ఆ పెద్దమనిషి బస్టాండులో బస్సెక్కుతున్నాడు.

అలాంటి మనిషి చేతిలో పడ్డాడు రాజారావు. తండ్రి వెంకటరామయ్య గారు గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఫోర్‌మన్‌గా స్థిరపడ్డ మర్యాదస్తుడు. వాళ్లింట్లో మంచినీళ్లిస్తే థాంక్స్, ఖాళీ గ్లాసు తీసుకుంటే మళ్లీ థాంక్స్. పగటి కాలేజీలో సీటు దొరక్క ఇక్కడ చేరిన కుర్రాడు, రెండో ఏడాది మొదటి పాఠం కాగానే అలవాటు చొప్పున లేచి నిలబడ్డాడు.

"థాంక్సండీ!"

సుద్దముక్క తప్పించుకోవడానికి క్లాసంతా తలలు వంచింది.

"పేరేంది నీది? రాజారావా? రేపు పగటీలి పాశమైలారం పో. యాదన్న ఫ్యాక్టరీ గేటు ముందర చాయ్ హోటలుంటది. ఇయ్యాల్టి పాఠమంత ఆడ కూసోని వానికి చెప్పు. గదే నీకు శిక్ష."

యాదన్న వాళ్ల క్లాసువాడే. మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ములు దొర్లించేవాడు. రెండో షిఫ్టు పడిన వారమల్లా అతనికి సాయంత్రం క్లాసులు గోవిందా. ఫిజికల్ కెమిస్ట్రీ అప్పటికే ఒకసారి తప్పి, రెండో ఏడాదే మళ్లీ చదువుతున్నాడు. డిగ్రీ చేతికొస్తే అదే ఫ్యాక్టరీ ల్యాబులో తెల్లకోటు వేసుకోవచ్చు. ఈసారీ తప్పితే మాత్రం చదువే మానేస్తానని అందరి ముందూ ప్రకటించాడు. మర్నాడు హోటల్లో కలిశాక, అయ్యో అనిపించి రాజారావు ముందు నోట్సు ఇవ్వబోతే, ఒకరి ఉపకారం గిట్టని యాదన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు తమ్మీ. ఎవ్వని ఎహసాన్ నాకొద్దు."

ఆ యాదన్న, శిక్ష పడిందనగానే ఎంత దయ చూపించాడో!

"అయ్యో, శిక్ష పడ్డదా? రా తమ్మీ, కూసో. జల్దీ కానియ్యి, నాకు షిఫ్టు టైమైతుంది" అని ఉస్మానియా బిస్కట్ చాయ్‌లో ముంచాడు. మండే ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చిన రాజారావు చెమట తుడుచుకుని ఉష్ణగతిక శాస్త్రం మొదలుపెట్టాడు. మధ్యలో యాదన్న "ఎందుకట్ల?" అనేవాడు. ఎందుకో రాజారావుకూ తెలిసేది కాదు. రాత్రి ఇంటికెళ్లి పుస్తకం తిరగేసి, మర్నాడు మళ్లీ వచ్చి చెప్పాల్సి వచ్చేది. పైగా ఆ మహానుభావుడు సారుకు రిపోర్టు కూడా ఇచ్చేవాడు: "వచ్చిండు సార్, చెప్పిండు. జెర తడవడ్తుండు గని ఫర్వాలే."

ఎంత అన్యాయం! నోరు కుట్టేసుకుందామనుకున్నా పుట్టుకతో వచ్చిన మర్యాద ఊరుకోనిచ్చేది కాదు. పాఠం కాగానే నాలుక దానంతటదే "థాంక్సండీ" అనేసేది. కొన్ని వారాలు సారు తిట్లతోనే వదిలేస్తే, శిక్ష సంగతి మరిచిపోయాడని సంబరపడేవాడు. ఆ తర్వాత మళ్లీ ఎండ, సైకిలు, యాదన్న, బిస్కట్.

పరీక్షలు దగ్గరపడ్డ రోజుల్లో ఒకనాడు పాఠం అయ్యాక ముందు బెంచీలో కూర్చునే హైమావతి లేచి స్పష్టంగా, క్లాసంతా వినేలా, "థాంక్యూ సార్" అంది. సుద్దముక్క లేచింది, తిట్లూ పడ్డాయి. శిక్ష మాత్రం లేదు! రాజారావుకు అరికాలి మంట నెత్తికెక్కింది. తిన్నగా స్టాఫ్ రూముకు వెళ్లి బల్ల గుద్దాడు.

"ఏవండీ, ఇదేం న్యాయమండీ? నేనంటే శిక్షా, ఆవిడంటే లేదా? ఏడాదిగా నన్నే ఎండలో తిప్పుతున్నారు! అసలు కృతజ్ఞత చెప్పడం కూడా నేరమేనా అండీ?"

బాలప్ప సారు తాపీగా కళ్లజోడు తుడుచుకున్నాడు. "లొల్లి వెట్టకు. ఇయ్యాల యాదన్న క్లాసులనే ఉన్నడు గద?"

రాజారావు బల్ల మీంచి చెయ్యి తీశాడు.

"వానికి స్పెషల్ క్లాసు వెడ్త రారా అన్న. మీ ఎహసాన్ నాకెందుకు సార్ అన్నడు. నీకు శిక్ష అంటె మాత్రం, పాపం పిలగాడని కూసుంటుండు. వాడు ఈసారి తప్పొద్దు. గదే నా పరేషాన్."

"మరి క్లాసులో ఇంతమంది ఉండగా నేనే ఎందుకండీ?"

"థాంక్స్ అనకుండ ఒక్క దినమన్న ఉండగల్గుతవా నువ్వు?" అని, ఒక్కసారిగా మళ్లీ కోపం తెచ్చుకున్నాడు. "అయినా నాకెందుకయ్యా థాంక్స్? నాకు చెప్పిన సార్లకు నేను థాంక్స్ చెప్పలే. మీకు పాఠం చెప్తున్న. గంతే. వానికి మాత్రం చెప్పకు, ఎల్గొడ్త!"

రాజారావుకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. నోటి దాకా వచ్చిన మాటను అతి కష్టం మీద మింగి బయటపడ్డాడు.

ఫలితాలు వచ్చాయి. యాదన్న గట్టెక్కాడు. రాజారావుకు ఆ పేపర్లో కాలేజీ మొత్తం మీద ఎక్కువ మార్కులు వచ్చాయి. యాదన్న క్లాసులోకి వస్తూనే అతని భుజం మీద చెయ్యేశాడు.

"సూసినవా తమ్మీ? అన్ని దినాలు నీ శిక్ష ఓపికగ విన్న. నా పుణ్యాన పాసైనవ్. ఒక్క థాంక్స్ అన్న చెప్పవేంది?"

ఏడాది పాటు ఎండలో సైకిలు తొక్కినవాడికి ఎంత మండాలి? మండింది కూడా. కానీ ఆ మొహంలో వెలుగు చూశాక నవ్వు ఆగలేదు. "థాంక్స్ యాదన్నా!"

"ఎవడ్రా అది?" వెనక నుంచి ఉరిమినట్టు వినిపించింది. బాలప్ప సారు చేతిలో డస్టరుతో నిలబడి ఉన్నాడు. "మళ్ల షురువైందా? ఫస్టియర్ల సంగయ్య అని ఉన్నడు. రెండో షిఫ్టు వడ్డదని నిన్న రాలే. రేపు పగటీలి పో, వానికి చెప్పు!"

రాజారావు తలవంచి సరేనన్నాడు. యాదన్న అతని వైపు చూశాడు, సారు వైపు చూశాడు. రెండో షిఫ్టు, క్లాసుకు రాకపోవడం, మర్నాడు శిక్ష... తన సంగతీ ఇదే కదా! తర్వాత చేతులు కట్టుకుని, ఎవ్వరి ఎహసాన్ వద్దన్న ఆ మొండి మనిషి, వినయంగా ముందుకు వంగాడు.

"నేను గూడ అంటున్న సార్. థాంక్స్."

బాలప్ప సారు డస్టరు పైకెత్తి, మళ్లీ దించేశాడు.

"ఇద్దరు పోండ్రి!" అని చివరికెలాగో గదిమాడు. "ఆ సంగయ్య మస్తు మొండోడు, ఒకనితోని కాదు." మొహం అటు తిప్పుకుని, అప్పటికే తుడిచేసిన బోర్డును మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.