దీపాలు పెట్టాక అడిగిన ఉప్పు

దెయ్యాలూ భూతాలూ అంటే నాకు చిన్నప్పటినుంచీ నవ్వే. ప్రొద్దుటూరులో మా పుట్టింట్లో ఒక మేనత్త ఉండేది. అమావాస్య వస్తే చాలు, ఆవిడకు పూనకం వచ్చేది. ఆ రోజు వంటపనంతా నా మీద పడేది. కాబట్టి ఆ పూనకం ఎందుకు వస్తుందో పదేళ్ళకే నాకు అర్థమైపోయింది. ఇప్పుడు నాకు డెబ్బై మూడేళ్ళు. ఇంతవరకూ ఒక్క దెయ్యం కూడా నా కంటపడలేదు. ఇది దెయ్యం కథ అని కూడా నేను అనుకోవడం లేదు. ఏమనుకోవాలో తెలియకే ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మొన్న మా మనవరాలు టీవీ చూస్తుంటే పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. ఏదో దేశంలో పార్కట. నీలం తొట్టిలో నలుపూ తెలుపూ కలిసిన పెద్ద తిమింగలం. ఒకమ్మాయి ఈల వేస్తే అది గాల్లోకి ఎగిరి పడుతోంది, జనం చప్పట్లు కొడుతున్నారు. దాని వీపు మీది రెక్క నిలబడకుండా ఒక పక్కకు వాలిపోయి ఉంది. ఆ వాలిన రెక్క చూడగానే నా చేతులు ఆగిపోయాయి.

"ఆ నీళ్ళల్లో ఉప్పు ఎవరు కలుపుతారే?" అని అడిగాను. పిల్ల నావైపు వింతగా చూసి నవ్వింది. ఎందుకడిగానో దానికి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఇళ్ళు చాలక సర్కారు ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. ఊరినిండా కొత్త మనుషులు. జనం ఉన్నచోటికే ప్రదర్శనలవాళ్ళూ వస్తారు కదా, నెలకొకరు దిగేవాళ్ళు. నాకు పెళ్ళై రెండేళ్ళు అయి ఉంటుంది. మా అంగడి పాతూళ్ళో ఉండేది. ముందు అంగడి, వెనక ఇల్లు, పక్కన సరుకుల కొట్టు. ఉప్పు, బెల్లం, చింతపండు, పప్పులు అన్నీ ఆ కొట్లోనే నిలవ చేసేవాళ్ళం. ఇంట్లో ఉండేది ముగ్గురమే: మా ఆయన, మా అత్త, నేను.

ఆ ఎండాకాలం హంద్రి పూర్తిగా ఎండి ఇసుక తేలింది. ఆ ఒడ్డున ఒక డేరా వెలిసింది. బయట పెద్ద బట్ట మీద బొమ్మ గీసి, "బతికున్న తిమింగలం పిల్ల" అని రాశారు. ఊరు ఊరంతా కదిలింది. సముద్రం చూసినవాళ్ళు మా వీధిలో నలుగురైదుగురు ఉంటారేమో. మిగతా అందరికీ సముద్రం పురాణంలో మాటే.

మా అత్తా నేనూ కూడా వెళ్ళాం. ఇనుప రేకులు అతికించిన గుండ్రటి తొట్టి. అందులో ఎద్దులబండి పొడవున నల్లటి జంతువు. మొద్దు తల, నున్నటి ఒళ్ళు. టీవీలో చూసినదానికి ఉన్నట్టు తెల్ల మచ్చలు లేవు. అదీ ఇదీ ఒకటే జాతో కాదో నాకు తెలియదు. రెక్క మాత్రం అలాగే వాలి ఉంది. అది ఆ తొట్టిలో ఒకే వైపు తిరుగుతూనే ఉంది, గానుగెద్దులాగ. కాసేపటికోసారి తల పైకెత్తి నడినెత్తిన ఉన్న రంధ్రంలోంచి 'ఫుస్సు'మని గాలి వదిలేది. అచ్చం అలసిపోయిన మనిషి నిట్టూర్పులాగ ఉండేది. నాకు చూడబుద్ధి కాలేదు.

మావాళ్ళకు అది జంతువుగా కనిపించలేదు. మత్స్యావతారమన్నారు. ఆడవాళ్ళు తెచ్చిన పసుపూ కుంకుమా తొట్టిలో చల్లి దండం పెట్టుకున్నారు. మా అత్త కూడా చల్లింది. నేనూ చల్లాను.

దాన్ని చూసుకునే మనిషి పేరు పోలయ్య. విశాఖపట్నం దిక్కు జాలరి. నల్లగా, సన్నగా, నలభై ఏళ్ళవాడు. ఉప్పు కోసం మా అంగడికి వచ్చేవాడు కాబట్టి పరిచయమైంది. తొట్టి నీళ్ళు మార్చినప్పుడల్లా నాలుగైదు బస్తాలు కలపాలి. బస్తాలు బండికెత్తించి, కాసిని మంచినీళ్ళు అడిగి తాగి, అరుగు మీద కూర్చుని దాని సంగతులు చెప్పేవాడు.

అది పడింది అతని వలలోనే. తల్లీ పిల్లా కలిసి వస్తుంటే పిల్ల చిక్కుకుంది. పడవ ఒడ్డు చేరేదాకా తల్లి వెనకే వచ్చిందట. తర్వాత ఇంకో రెండు రోజులు ఒడ్డుకు కనిపించేంత దూరంలో తిరిగిందట. ఈలోగా డేరా ఆసామి వచ్చి పిల్లను కొనుక్కుపోయాడు. పరాయివాళ్ళు పెడితే తినడం లేదని పోలయ్యను కూడా జీతానికి పెట్టుకున్నాడు.

"నా వలలోనే పడ్డాదమ్మా. ఒగ్గేసి ఇంటికెలా ఎల్తాను?" అన్నాడొకసారి. ఇంటి దగ్గర అతనికీ పిల్లలున్నారు.

ఇక ఆ శుక్రవారం సంగతి.

మా ఆయన సరుకు కోసం ఆదోని వెళ్ళారు. మా అత్త అమ్మవారి గుడికి వెళ్ళింది. నేను అంగడి మూసి, దేవుడి దగ్గర దీపం వెలిగించి, గడప దగ్గర ఇంకోటి పెట్టి లేస్తున్నాను. పోలయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఒంటి మీద చొక్కా లేదు, కాళ్ళు మోకాళ్ళదాకా తడిసి ఉన్నాయి.

జరిగింది ఇది. వారమంతా మేము చల్లిన పసుపు కుంకుమలతో తొట్టి నీళ్ళు బురద రంగుకు తిరిగాయి. లోపల ఏమున్నదీ కనపడటం లేదు. శని, ఆదివారాలు జనం ఎక్కువ వస్తారని ఆసామి ఆ మధ్యాహ్నం నీళ్ళన్నీ తోడించి, తుంగభద్ర నీళ్ళు పీపాల్లో తెప్పించి నింపించాడు. ఉప్పు రేపు చూసుకుందాంలే అని తను గుంతకల్లు రైలెక్కాడు.

"సప్పనీల్లలో ఉండలేదమ్మా అది. అసలే వారంనించీ తిండి లేదు. తిరగడం మానేసినాది, ఓ పక్కకు ఒరిగిపోతంది. నాలుగు బస్తాలు ఇప్పించండమ్మా, మీకు దండమెడతాను," అన్నాడు.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. దీపాలు పెట్టాక ఉప్పు బయటికి ఇవ్వం. అమ్మం, అప్పివ్వం. ఆ వేళ ఆ మాట కూడా నోట పలకం. ఉప్పుతో పాటు లక్ష్మి గడప దాటుతుందని అంటారు. అందులోనూ అది శుక్రవారం. పెళ్ళై వచ్చిన మొదటి వారంలోనే మా అత్త నాకు చెప్పిన మాట అది. దెయ్యాలను నమ్మని దాన్ని, దీన్ని మాత్రం నమ్మాను. నమ్మానో, అత్తకు భయపడ్డానో, ఇప్పుడు ఏం చెప్పినా నన్ను నేను కాపాడుకున్నట్టే ఉంటుంది.

"దీపం పెట్టినాం కదప్పా, ఇప్పుడు ఇయ్యకూడదు. తెల్లారుతూనే రా, నేనే ఇప్పిస్తా," అన్నాను.

"నాలుగు అంగళ్ళు తిరిగొచ్చానమ్మా. అందరూ ఇదే మాట," అన్నాడు. గడప మీద వెలుగుతున్న దీపాన్ని చూశాడు. "సముద్రానికి దీపాలేళ ఉండదమ్మా," అన్నాడు.

నేను తలుపు వేశాను. గట్టిగా కూడా కాదు, మర్యాదగానే వేశాను.

కాసేపటికి మా అత్త గుడినుంచి వచ్చింది. జరిగింది చెప్పాను. "మంచి పని చేసినావు," అంది. ఇద్దరం నడవలో కూర్చున్నాం. అప్పుడు సరుకుల కొట్లోంచి చప్పుడు వినిపించింది.

'ఫుస్సు'.

ఎలుకేమో అనుకున్నాను. కొంతసేపు ఏమీ లేదు. మళ్ళీ 'ఫుస్సు'. నేనేదీ అడగకముందే మా అత్తే నావైపు తిరిగి, "ఏమ్మే, కొట్లో ఎవురుండారు?" అంది. అంటే నా ఒక్కదాని చెవులకే కాదు. ఇది గట్టిగా చెప్పగలను.

లాంతరు పట్టుకుని ఇద్దరం తలుపు తీశాం. ఎవరూ లేరు. ఉప్పు బస్తాలు ఏడూ ఒకదాని మీద ఒకటి పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. చెయ్యి పెట్టి చూశాను, పొడిగా ఉన్నాయి. తలుపుకు తాళం వేసి తాళంచెవి మా అత్త బొడ్లో దోపుకుంది. ఆ తర్వాత చప్పుడు రాలేదు.

తెల్లవారుతుండగా లేచి, అత్త దగ్గర తాళంచెవి తీసుకుని మొదట ఆ కొట్టు దగ్గరికే వెళ్ళాను. పోలయ్య రాకముందే బస్తాలు అరుగు మీద పెట్టించాలని నా ఆత్రం. తాళం వేసింది వేసినట్టే ఉంది. తలుపు తీశాక ఏం చూశానో చూసినట్టు చెబుతాను. ఏడు బస్తాలూ ఖాళీ. చినగలేదు, కుట్టు విడలేదు. తడిసి ముద్దై నేలమీద అతుక్కుపోయి ఉన్నాయి. బండల మీద పలచగా తెల్లటి చార, అంతే. ఒక్క ఉప్పుకల్లు లేదు.

కర్నూలు ఎండాకాలం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఉతికిన బట్ట పిండుతుండగానే ఆరిపోతుంది. వాన పడి ఆరు నెలలు. ఆ కొట్లో నీటిచుక్క పెట్టం. గాలిలో చెమ్మ ఉంటే ముందు కారేది బెల్లం. ఉప్పు బస్తాల పక్కనే ఉన్న బెల్లం దిమ్మెలు రాళ్ళలాగ ఉన్నాయి. పప్పులు పొడిగా ఉన్నాయి. వంటింట్లో జాడీలోని ఉప్పు కూడా పొడిపొడిగానే ఉంది.

మా అత్త గుమ్మంలో నిలబడి చాలాసేపు ఆ బస్తాలనే చూసింది. చివరికి, "ఎవురికి చేరాల్నో వాళ్ళకు చేరిండాది. ఈ మాట బయట అనాకు," అని లోపలికి వెళ్ళిపోయింది.

నాకు కాళ్ళు ఆగలేదు. ఇస్తానన్న ఉప్పు ఇంట్లో లేదు. వంటింటి జాడీ చంకన పెట్టుకుని, కొంగు నెత్తిమీదికి లాక్కుని హంద్రి ఒడ్డుకు నడిచాను. పావుసేరు ఉప్పుతో తిమింగలాన్ని బతికిద్దామని బయలుదేరిన దాన్ని చూసి మీరు నవ్వినా నేనేమీ అనుకోను.

డేరాలో పోలయ్య ఒక్కడే ఉన్నాడు. తొట్టి పక్కన కూర్చుని, చెయ్యి నీళ్ళలో పెట్టి ఉన్నాడు. అది పక్కకు ఒరిగి తేలుతోంది. ఒక కన్ను నీటి పైకి ఉంది, తెరుచుకునే ఉంది. నడినెత్తిన రంధ్రం మూసుకుని ఉంది. ఎంతసేపు నిలబడినా అది తెరుచుకోలేదు.

నన్ను చూసి పోలయ్య లేచాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నా చేతిలో జాడీని చూశాడు.

"మల్లీ తెచ్చినారా తల్లీ? రేతిరి పంపించినారు గదా, సాల్లేదనుకున్నారా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఎవరొచ్చి కలిపినారో నాను సూడలేదు. కునుకు పట్టేసినాది. లెగిసేతలికి నీల్లు ఉప్పగున్నాయి. మా సముద్రమే. ఇదీ సల్లబడినాది, రెండుసార్లు తొట్టంతా తిరిగినాది. మరింక ఆగిపోనాది." ఏడుపు మింగుకుని అన్నాడు, "ఆకరికి సముద్రంలోనే పోయినాది తల్లీ. మీ ఆసారం పక్కనెట్టి నాకోసం ఇంత సేసినారు. మీ పిల్లలు సల్లగుండాల."

అని రెండు చేతులూ జోడించి వంగి దండం పెట్టాడు.

నేను తొట్టిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది. ఉప్పు వెనక సన్నటి చేదు కూడా ఉంది.

'నేను పంపలేదు' అని చెప్పాలి. చెప్పలేదు. చెబితే అతనికి మిగిలిన ఆ కాస్త ఊరటా పోతుందని అప్పుడు అనుకున్నాను. కానీ అదొక్కటే కాదు. నేను తలుపు వేసిన మనిషినని ఒప్పుకోవడానికి నాకు సిగ్గేసింది.

మధ్యాహ్నానికి హంద్రి ఇసుకలో గొయ్యి తీసి దాన్ని పూడ్చారు. మళ్ళీ ఆడవాళ్ళు పసుపూ కుంకుమా తెచ్చారు. పోలయ్య ఆసామి తిరిగి వచ్చేదాకా కూడా ఆగలేదు, ఆ సాయంత్రమే తన ఊరికి వెళ్ళిపోయాడట. మళ్ళీ అతన్ని చూడలేదు.

మా ఆయన ఆదోని నుంచి వచ్చాక కొట్టంతా వెతికారు. కప్పు చూశారు, గోడలు తట్టి చూశారు, బండల సందులు చూశారు. "సరుకే తేమగా వచ్చిండాది," అన్నారు. మరి తొట్టిలోకి ఉప్పు ఎలా వచ్చిందంటే, ఇంకెవరో జాలిపడి వేసి ఉంటారన్నారు. అలా అయితే బాగుండునని మిగతా ఉప్పు అంగళ్ళవాళ్ళందరినీ అడిగించాను. ఎవరూ ఇవ్వలేదు. మాలాగే వాళ్ళ గడపల్లోనూ దీపాలు వెలుగుతున్నాయి ఆ వేళ.

చాలా ఏళ్ళ తర్వాత మా ఆయనతో రామేశ్వరం వెళ్ళాను. సముద్రం చూడటం అదే మొదలు. అందరూ మునకలేస్తుంటే నేను దోసెడు నీళ్ళు తీసుకుని రుచి చూశాను. ఉప్పూ, వెనక ఆ సన్నటి చేదూ. మా కొట్లోని ఉప్పు ఎన్నిసార్లు నీళ్ళలో కలిపి చూసినా నాకు ఆ చేదు తగల్లేదు. ఒడ్డున కూర్చుని ఏడ్చాను.

ఆ రాత్రి కొట్లో ఊపిరి తీసింది ఏమిటో, ఏడు బస్తాల ఉప్పు తాళం వేసిన గదిలోంచి హంద్రి ఒడ్డుకు ఎలా నడిచిందో నాకు తెలియదు. తెలుసుకోగలనన్న ఆశ కూడా ఇప్పుడు లేదు.

మా అత్త పోయాక ఆ ఆచారం నేను మానేశాను. దీపాలు పెట్టాక ఎవరు వచ్చి ఉప్పు అడిగినా ఇస్తాను, శుక్రవారమైనా సరే. ఇచ్చి, వాళ్ళు నాలుగు మంచి మాటలు అనేలోపే లోపలికి వచ్చేస్తాను. ఇవ్వని ఉప్పుకు దండం పెట్టించుకున్నదాన్ని, ఇచ్చిన ఉప్పుకు ఆ మాటలు వినలేను.