కుట్లు లేని ఆపరేషన్

పిత్తాశయంలో రాళ్లున్నాయి, తీసేయాలని జనగామ డాక్టరమ్మ చెప్పింది. "బొడ్డుల ఒక్కటే రంధ్రం పెట్టి తీస్తనమ్మా. లోపల వాపు ఎక్కువుంటే మాత్రం ఇంకో రెండు మూడు పెట్టాల్సొస్తది" అన్నది. నా అదృష్టం, ఒక్కదాంతోనే అయిపోయింది. ఇంటికి పంపేటప్పుడు మా ఆయనకు గట్టిగా చెప్పింది: "పైకి కనవడదు గని లోపల కుట్టు పచ్చిగున్నది. నెలన్నర బరువు లేపనియ్యకు. పేగు బయటికి తోసుకొస్తది."

మా ఊళ్లో ఆపరేషన్ అయిన మనిషిని పలకరించడానికి వచ్చినవాళ్లు ముందు కుట్లు లెక్కపెడతారు. ఎన్ని కుట్లుంటే అంత మర్యాద. పెద్దాపరేషన్‌తో బిడ్డను కన్న మా తోడికోడలికి నెల్లాళ్లు మంచం మీదికే అన్నం వచ్చింది. నేను కొంగు తీసి చూపిస్తే బొడ్డు తప్ప ఏమీ లేదు. "గిదేం ఆపరేషనే? ఒక్క కుట్టు లేదు!" అని అత్త మూతి తిప్పింది. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

పదోరోజు మా ఆయన నన్ను పత్తిచేనుకు లాక్కెళ్లి మూట నెత్తికెత్తుకొమ్మన్నాడు. ఎత్తనన్నాను. జుట్టు పట్టి వంచి వీపు మీద గుద్దాడు.

"కుట్టే లేదు, నొప్పెక్కడిదే? నాటకాలాడుతున్నవా?"

చేతికందిన పత్తికట్టెతో వాడి మొహం మీద కొట్టాను. పెదవి చిట్లి రక్తం కారింది. వాడు నన్ను సాళ్లలో పడేసి బొడ్డు మీదే తన్నాడు. ఒకసారి కాదు. మూడో తన్నుకు లోపల ఏదో తెగింది. తడిమితే బొడ్డు దగ్గర నిమ్మకాయంత గడ్డ. వాంతి చేసుకుంటూ అక్కడే పడిపోయాను. పక్కచేను వాళ్లు ఆటోలో వేసి జనగామ తీసుకెళ్లారు.

"పేగు ఇరుక్కున్నది. ఈసారి చిన్న రంధ్రంతోని కాదు, పొట్ట కోయాలె" అన్నది డాక్టరమ్మ. కోసి, నల్లబడిన పేగు జానెడు తీసేసింది.

తెలివొచ్చేసరికి పొట్ట మీద నిలువునా కుట్లు. వాడు నా కాళ్లు పట్టుకుని ఏడుస్తున్నాడు. "గింత పెద్ద ఆపరేషనా! నాకు తెల్వకపాయె." అత్త కొబ్బరినీళ్లు తెచ్చింది. వాళ్లను చూస్తే తన్నులప్పటి కంటే ఎక్కువ కోపం వచ్చింది. నా నోటిమాటకు రాని జాలి, కుట్ల దారం చూశాక వచ్చింది మరి.

నడవగలిగిన రోజున, మహబూబాబాద్ నుంచి వచ్చిన మా అక్కను తోడు తీసుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. అలవాటుగా చీర పక్కకు తీయబోతే ఆడ కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టింది.

"చూపియ్యకక్కా. ఏమైందో చెప్పు, రాసుకుంట."

ఇన్నాళ్లూ రాని ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే చెప్పాను, ఒక్క దెబ్బ కూడా విడిచిపెట్టకుండా.