సిలబస్ ప్రకారం ఆగిన బస్సు

వెంకట్రాజం వరంగల్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో బాటనీ లెక్చరర్. మెత్తని మనిషి. డెబ్బై ఎనిమిదిలో ‘ప్రకృతి–సంస్కృతి’ అనే కొత్త కోర్సును ఆయనకు అప్పగించారు. ఏడాదంతా గొంతు పోయేలా పాఠాలు చెప్పాడు. చివర్లో పిల్లలను కాలేజీ బస్సులో పాలంపేట రామప్ప గుడికి తీసుకెళ్తుంటే, మల్లంపల్లి దాటాక అడవిలో బస్సు చెడిపోయింది. అక్కడ ఇప్పపూలు ఏరుకుంటున్న కట్టమ్మ పిల్లలకు తలా పిడికెడు పెట్టి కబుర్లలోకి దిగింది. తర్వాత అందరూ కలిసి బస్సును తోశారు.

కోర్సు ఎలా ఉందో పిల్లలచేత రాయించారు. పాఠాల గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. బస్సు ఆగడం మాత్రం అందరికీ నచ్చింది. ఇలాంటి క్లాసులు ఇంకా పెట్టాలన్నారు.

ప్రిన్సిపాల్ రాంచందర్ అవన్నీ శ్రద్ధగా చదివి, బస్సు ఆగడాన్ని సిలబస్‌లో చేర్చాడు.

“అది బండి ఖరాబైంది సార్, పాఠం కాదు,” అన్నాడు వెంకట్రాజం.

“పిల్లలకు సమజైంది అదొక్కటే కద. నువ్వు ఫికర్ చేయకు. డ్రైవర్‌తోని మాట్లాడు.”

డ్రైవర్ నర్సయ్య ఆ మాట విని స్టీరింగ్ తుడవడం మొదలుపెట్టాడు. “మంచిగున్న బండిని ఖరాబైందని ఎట్ల చెప్పాలె సార్? పోయినేడు ఆగిందానికే ఇంట్ల మొకం చూపియ్యలే.”

చివరికి నిజం చెప్పనిస్తేనే ఆపుతానని ఒప్పుకున్నాడు. అడవిలో బస్సు ఆపి, దిగి, అందరికీ వినబడేలా అన్నాడు: “బండికి ఏం కాలే. సిలబస్‌ల ఉన్నది, అందుకే ఆగింది. దిగి తొయ్యుండ్రి.”

ఆ ఏడాది ఒకమ్మాయి, బస్సు తేలిగ్గా కదిలిందనీ, ముందటి బ్యాచ్‌కు బరువుగా ఉందట కాబట్టి తమకు అన్యాయం జరిగిందనీ రాసింది. అప్పటినుంచి పిల్లలు తోస్తున్నంతసేపూ నర్సయ్య బ్రేకు మీద కాలు ఆనించి కూర్చునేవాడు. కట్టమ్మ కూడా రోడ్డు పక్కనే కాచుకుని ఉండేది. “పొద్దటిసంది చూస్తాన సారూ, గింత ఆలస్యమా?” అని కోప్పడేది.

ఎనభై నాలుగులో బస్సు నిజంగానే చెడిపోయింది. అయితే అడవికి చాలా ముందే, ఆత్మకూరు దగ్గర, వెంకట్రాజం చిన్నప్పుడు నాగలి పట్టిన పొలాల పక్కన. యాసంగి వరి పచ్చగా ఊగుతోంది. ఆయన సంబరంగా కిందికి దిగి, తన తల్లి నాటు వేసే ముందు గట్టుకు పసుపు ఎందుకు పూసేదో చెప్పబోయాడు. పిల్లలు సీట్లలోంచి లేవలేదు.

“సార్, ఇది సిలబస్‌ల లేదు,” అన్నాడు ఎల్లస్వామి అనే విద్యార్థి. “మనది మల్లంపల్లి అవుతల ఆగాలె.”

“ఆగుడు ఏడనైతే ఏంది బిడ్డా?”

“పరీక్షల అడవిల ఆగిందే వస్తది సార్.”

మెకానిక్ వచ్చి బాగుచేసేసరికి సాయంత్రమైంది. నర్సయ్య బస్సును అడవిదాకా తోలి అక్కడ ఆపాడు. కట్టమ్మ చూసి చూసి అప్పటికే ఇంటికి వెళ్లిపోయింది. పిల్లలు దిగి తోస్తుంటే వెంకట్రాజం కూడా చొక్కా చేతులు మడిచి వెనక చేరాడు.

“నర్సయ్యా, జర కాలు తియ్యి,” అన్నాడు రొప్పుతూ.

“ఎట్ల తీస్త సార్? పోరగాండ్లు మల్ల రాస్తరు.”

వెంకట్రాజానికి నవ్వు ఆగలేదు. బస్సుకు ఆనుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఆ రోజు గుడికి వెళ్లలేదు. ఎవరూ అడగనూ లేదు. ఆ ఏడు పిల్లల్లో ఎవరో, ‘సార్ బాగా తోస్తారు’ అని రాశారు. ఆయన ఆ మాట ఇంట్లో భార్య శారదకు చెప్పి, ఇంకో ముద్ద అన్నం ఎక్కువ తిన్నాడు.

తర్వాత కాలేజీవాళ్లు బస్సు అమ్మేశారు. దాంతోపాటే కోర్సూ పోయింది. వెంకట్రాజం మళ్లీ బాటనీకి వెళ్లి, ఆకుల పేర్లు చెప్పుకుంటూ సుఖంగా రిటైరయ్యాడు.