తొక్కుల ఊరిన తుపాకి

ముందుగాల అన్నం కలుపుకోండ్రి. జాడీ నడుమల పెట్టిన, తొక్కు వేసుకోండ్రి. తినుకుంటనే వినాలె, నవ్వద్దు. మొన్న నేను తుపాకిని తొక్కుల ఊరబెట్టి, నలుగుట్ల ఇజ్జత్ పోగొట్టుకున్న!

మీకేంది, మస్కట్ పట్నంల ఈ రూవి రూముల ఎనిమిది మంది. ఒకని కాలు ఒకని మీద. నేనేమో అల్ సువైక్‌ల ఖర్జూర తోట కాడ ఒక్కణ్ని. నాకు తోడు నీళ్లు గుంజే డీజిల్ ఇంజన్. ఆడికి కరెంటు ఇంకా రాలే, ఉత్తరం వచ్చేసరికి నెల. నాలుగింటికి ఇంజన్ బందు పెట్టిన్నంటే ఇగ మాట్లాడే దిక్కు లేదు. ఈ జాడీకి చుట్టొచ్చిన పాత పేపరు ఎన్నిసార్లు చదివిన్నో! అండ్ల తప్పిపోయిన బర్రె ప్రకటన నాకు నోటికొస్తది. ఆ బర్రె దొరికిందో లేదోనని ఒకనాడు నిజంగనే ఏడుపొచ్చింది. నవ్వద్దన్న గదా!

గప్పుడు వచ్చిండు మురాద్ చాచా. పక్క తోట ముసలాయన, బలూచీ. వయసుల పడవల మీద బొంబాయి తిరిగిండట, హిందీ మంచిగొస్తది. గోనెసంచిల పాయింట్ టూ టూ రైఫిల్ తెచ్చిండు, వాళ్ల నాయిన నాటిది. మేకల కొట్టంల ఏండ్లకేండ్లు పడి ఉండి తుప్పు పట్టింది, కట్టెను చెదలు తిన్నయి.

"మిస్త్రీ, ఇంజన్లు బాగుచేసేటోనివి, ఇది చెయ్యవా? నా మనుమని షాదీల పేల్చాలె."

నేనెన్నడన్న తుపాకి ముట్టిన్నా? అయినా "రెండు దినాలు చాలు చాచా!" అన్న. రెండు దినాలు మనిషి మొఖం కనపడ్తది గదా అని.

రోజు నాలుగింటికి ఫ్లాస్కుల కహ్వా, గా అరబ్బు కాఫీ, పట్టుకొని వచ్చి కూసునేటోడు. నేను కిరోసిన్ గుడ్డతోని తుప్పు రుద్దేటోణ్ని, కొత్త కట్టె చెక్కేటోణ్ని. రెండు దినాలు కాస్తా నెల దాటింది. ఇయ్యాల బోల్టు పట్టేసిందని, రేపు స్ప్రింగు వదులైందని, దినానికొక రోగం చెప్పేటోణ్ని. ఆయన సొరచేప కథ పదిసార్లు విన్న. ఒకనాడు "మీ పద్మకు ఊడిన పండ్లు మళ్లొచ్చినయా?" అని అడిగిండు. నా బిడ్డ పేరు ఇంకొకని నోట్ల వింటే పాణం లేసొచ్చింది.

ఆఖరికి తుపాకి తయారైంది. అద్దం లెక్క మెరుస్తున్నది. రేపటి సంది మళ్ల ఆ బర్రేనా?

బుద్ధి గడ్డి తిన్నది. తూటాను కొట్టే పిన్ను ఊడబీకి, "ఇది విరిగింది చాచా, మస్కట్ నుంచి రావాలె, ఆలస్యమైతది" అన్న. మరి దాచుడెక్కడ? అగ్గిపెట్టె కోసం ఆయన నా పెట్టె, పరుపు అన్ని దేవులాడుతడు. ముట్టనిది ఈ జాడీ ఒక్కటే. ఒకసారి తొక్కు నాలికె మీద పెట్టుకొని కడివెడు నీళ్లు తాగిండు. అండ్లనే ఏసిన! నూనెల ఉంటే తుప్పు పట్టదు గదా, మెకానిక్ తెలివి! ఉప్పు, పులుపు యాదికే రాలే.

పెండ్లి ముందటి దినం తీసి చూస్తే, ఎలుక కొరికిన అగ్గిపుల్ల లెక్కున్నది. పరీక్ష చేద్దామంటే తూటాలు చాచా కాడ. ఏడుకొండలోడా అనుకొని తుడిచి పెట్టిన. "పిన్ను వచ్చింది చాచా!" ఆయన సంబురపడి నన్ను సుత పెండ్లికి పిలిచిండు. రెండేండ్లల్ల నాకొచ్చిన మొదటి పిలుపు.

పెండ్లి కాడ అందరి తుపాకులు ధన్ ధన్ పేలినయి. చాచా ఛాతి విరిచి మొగులు దిక్కు ఎత్తిండు. టుక్! మళ్ల నొక్కిండు. టుక్! జనం కిసకిస నవ్వవట్టిరి. చాచా బోల్టు తీసి ముక్కు కాడ పెట్టుకున్నడు. ఆవాలు, ఎల్లిపాయ వాసన! మెల్లగ నా దిక్కు చూసిండు. నేను తల వంచుకున్న. ఉన్న ఒక్క మనిషి సుత పాయె అనుకున్న.

ఆయన జనం దిక్కు తిరిగి వాళ్ల భాషల ఏందో గట్టిగ చెప్పిండు. 'మస్కట్' అన్న మాటొక్కటే నాకు సమజైంది. నా అబద్ధాన్నే నా కోసం చెప్పిండు, నా చాచా!

మరునాడు నాలుగింటికి ఫ్లాస్కు పట్టుకొని రానే వచ్చిండు.

"పిన్ను ఎప్పుడొస్తది?"

"ఆలస్యమైతది చాచా."

"మంచిది," అని కహ్వా పోసిండు.

ఇయ్యాల పిన్ను కొనుక్కరమ్మని నన్ను ఈడికి తోలిచ్చింది సుత ఆయనే. "మరీ తొందరగ దొరకబట్టకు" అని చెప్పి మరీ పంపిండు.

అరే, చేతులెందుకు ఆపిండ్రు? ఆఁ, గా జాడీనే ఇది. ఏం గాదు, తినుండ్రి. ఒక్కణ్ని తిన్నన్ని దినాలు బుక్కబుక్కకు ఇనుము రుచి తగిలింది. ఇయ్యాల మీ నడుమ తింటుంటే తెలుస్తనే లేదు. తొక్కు మంచిగనే ఉన్నట్టున్నది, తుప్పు పట్టింది నాకే!